అలుపు తీర్చేది సారాయేనా?

పొద్దస్తమానం దమ్ము చేసి ఇల్లు చేరిన మనిషి, “చుక్క పడితేగాని ఒళ్ళునొప్పులు పోవు” అంటాడు. అది నిజమేనా? కాస్త ఆలోచిద్దాం.

తాగితే నొప్పి పోదు. నొప్పిని తెలుసుకునే మెదడు మొద్దుబారుతుంది, అంతే. మత్తు దిగగానే నొప్పి మళ్ళీ మామూలే. పైగా మూత్రం ఎక్కువై, ఎండలో చెమటోడ్చిన ఒంట్లో మిగిలిన నీరు కూడా తరిగిపోతుంది. నిద్ర పట్టినా గాఢంగా సాగదు. మర్నాడు కాడి పట్టేసరికి ఒళ్ళు మరింత బరువు!

సారాను విరిచే భారం చాలావరకు కాలేయానిది. మొదట దానికి కొవ్వు పడుతుంది. నొప్పి ఉండదు కనుక మనకు తెలియదు. అప్పుడే మానేస్తే చాలామందికి బాగవుతుంది. అది గట్టిపడి, కళ్ళు పచ్చబడి, పొట్టలో నీరు చేరాక మునుపటిలా కావడం కష్టం. మద్యం కేన్సరుకు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన విభాగం 1988లోనే తేల్చింది.

ఒక హెచ్చరిక. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్సు రావచ్చు. అట్టివారిని గ్రామసేవకులు ముందు డాక్టరు వద్దకు పంపాలి.

అలసిన ఒంటికి కావలసింది ఉప్పేసిన మజ్జిగ, వేణ్ణీళ్ళ స్నానం, వేళకింత అన్నం, కంటినిండా నిద్ర. ఈ సాయంత్రమే చేసి చూడండి.