విజ్ఞప్తులు – జమాఖర్చులు

2024 మే 13వ తేదీ ఎన్నికలకు ముందు వారములలో తొలకరి దుక్కులకు సిద్ధపడుచున్న రామగిరి రైతు చేతి ఫోను పలుమాఱులు మ్రోగినది. పలికినది మనుష్యుడు కాడు, ముందుగా పట్టియుంచిన నాయకుని గొంతు. దానిని ప్రశ్నించుటకు వీలులేదు. ఓటు కోరిన పార్టీలే విరాళమును గోరుచు సందేశములు పంపుచున్నవి. పాత పద్ధతిని పన్ను కట్టువారికి రాయితీ కలదని ఎఱయు జూపుచున్నవి. రామగిరి బంగారు గనులు మూతబడి చాల కాలమైనదను సంగతి వారెఱుగరు కాబోలు!

విరాళ మడుగుట తప్పని మేమనము. 1921లో బెజవాడయందు సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు సంఘము, జూన్ 30వ తేదీలోగా తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్చవలయునని నిశ్చయించెను. స్త్రీలు నగ లొలిచి యిచ్చిరి. అడిగినవారు ముంగిట నిలిచి యడిగిరి. అంతకు పూర్వమే, 1894లో నేటాలునందు కాంగ్రెసును స్థాపించిన గాంధీ, ఎంత స్వల్పమైన చందాకైనను రసీదు నిప్పించెను.

నేడో, 20,000 రూపాయలకు మించిన చందాదారుల పేర్లనే పార్టీలు ఎన్నికల సంఘమునకు తెలుపవలయును. 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లు పెద్ద దాతలను సైతము మఱుగుపఱచినవి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వానిని రాజ్యాంగవిరుద్ధములని కొట్టివేసెను. రైతు పేరు, ఊరు, ఫోను నంబరు పార్టీ యెఱుగును; ఆ పార్టీని పోషించినవాని పేరు మాత్రము ఆఱేండ్లు రైతు కంటబడలేదు.

అయ్యా, ఇకమీదట పంపు ప్రతి విజ్ఞప్తి క్రిందను గత సంవత్సరపు జమాఖర్చును ముద్రింపుడు. చదివిన పిదప ఇచ్చుటయో మానుటయో మేము నిర్ణయించుకొందుము.