కాజీపేట వైపా, కంది వైపా?

సికిందరాబాదు నుండి కాజీపేటకు పోవు రైలుమార్గమున జనగామ, రఘునాథపల్లి దాటిన పిమ్మట వచ్చు స్టేషన్ ఘన్‌పూరు, ఒకప్పుడు వరంగల్లు జిల్లాకును 2016 నుండి జనగామ జిల్లాకును చెందిన మండల కేంద్రము. ఈ ఊరి స్టేషనులో తూర్పుగా పోవు బండి ఎక్కినవారు 30 కిలోమీటర్లు నిండకమునుపే కాజీపేటలో దిగి, అచ్చటినుండి హనుమకొండకు పోవు త్రోవలో 1959 నాటి ఇంజనీరింగు విద్యాలయపు ద్వారమును చేరగలరు. పడమటి బండి ఎక్కినవారు రాజధానినంతను దాటి, ముంబయి రహదారిపై సంగారెడ్డికి ఇవతలనున్న కంది గ్రామమున, 2008లో పుట్టిన ఐఐటీని చేరుకొందురు. ఇంటరు చదువుచు లెక్కలయందును భౌతికశాస్త్రమునందును కొంత చురుకుదనము చూపు బిడ్డలుగల యిండ్లలో, జూన్ నెల వచ్చుసరికి, ఈ రెండు దిక్కులనుగూర్చిన తర్కము తప్పక సాగును. ఆ తర్కమున వినవచ్చు మాటలలో పెక్కు కార్పొరేటు కాలేజీల ప్రకటనలనుండి అరువు తెచ్చుకొన్నవే గనుక, విషయమును మూలమునుండి పరిశీలించుట మేలు.

1959 అక్టోబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల, రెండవ పంచవర్ష ప్రణాళికా కాలమున, దేశమున లేచుచున్న ఆనకట్టలకును ఉక్కు కర్మాగారములకును విద్యుత్కేంద్రములకును తగినంతమంది ఇంజనీర్లు లేరన్న ఆతురతలోనుండి ఉద్భవించినది. ఆ కోవకు చెందిన కళాశాలలలో దేశమున మొట్టమొదటిది. కేంద్ర రాష్ట్ర ప్రభుత్వములు రెండును కలిసి పోషింప పూనిన సంస్థ కావున, సగము సీట్లు స్వరాష్ట్రము వారికి, తక్కిన సగము ఇతర రాష్ట్రముల వారికి అను ఒడంబడిక ఆ కళాశాలల వ్యవస్థతోపాటే ఏర్పడినది. నేడు మనవారు 'హోం స్టేట్ కోటా' యని పిలుచునది ఆ ఒడంబడికకు వారసత్వమే గాని, ఎవరో జాలిదలచి వేసిన భిక్ష కాదు. చిరకాలము కాకతీయ విశ్వవిద్యాలయపు పట్టములతో విద్యార్థులను పంపిన ఈ కళాశాల, 2002లో ఎన్నైటీయై తన పట్టములను తానే ప్రదానము చేయు అధికారమును సంపాదించి, 2007 నాటి పార్లమెంటు చట్టముచేత జాతీయ ప్రాముఖ్యముగల సంస్థలలో చేరినది. అయినను హనుమకొండలో పెద్దవారు నేటికిని దానిని 'ఆర్‌ఈసీ' అనియే వ్యవహరింతురు.

ఐఐటీలది వేరొక వంశము. 1951లో ఖరగ్‌పూరున మొదలైన ఈ పరంపరలో బొంబాయికి సోవియట్ దేశమును, మద్రాసుకు పశ్చిమ జర్మనీయు, కాన్పూరుకు అమెరికాయు, ఢిల్లీకి బ్రిటనును చేయూత నిచ్చినవి. మద్రాసు ఐఐటీయు వరంగల్లు కళాశాలయు ఒకే సంవత్సరమున పుట్టినవన్న సంగతి ఇచ్చట చెప్పదగినది. హైదరాబాదు ఐఐటీకి ఆ చేయూత జపాను నుండి లభించినది. 2008లో ఎద్దుమైలారమున, యుద్ధశకటములు తయారుచేయు ప్రభుత్వ కర్మాగారపు ఆవరణలో అరువు గదులలో ఆరంభమై, మద్రాసు ఐఐటీ పెంపకమున అడుగులు నేర్చి, 2015లో కందియందలి 576 ఎకరముల సొంత ఆవరణకు తరలిన యీ సంస్థ, తన అగ్రజులకంటె వేగముగా ఎదిగి, దేశపు ఇంజనీరింగు విద్యాలయముల జాతీయ శ్రేణీకరణలో మొదటి పదింటి సరసన నిలిచినది.

చట్టము దృష్టిలో రెండును జాతీయ ప్రాముఖ్యము గలవే. భేదము ప్రవేశద్వారమునొద్దనే ఆరంభమగును. ఎన్నైటీకి జేఈఈ మెయిను ర్యాంకు చాలును. ఐఐటీకి మెయినులో అర్హులుగా ఎంపికైన సుమారు 2.5 లక్షల మందిలో ఒకరై, అడ్వాన్స్‌డు అను రెండవ పరీక్షను గడువవలెను. దానిని వరుసగా వచ్చు రెండు సంవత్సరములలో రెండు మారులకు మించి వ్రాయనీయరు. 2021 నుండి మెయిను ప్రశ్నపత్రము తెలుగులోను లభించుచుండగా, అడ్వాన్స్‌డు మాత్రము ఇంగ్లీషు, హిందీ భాషలకే పరిమితమై యున్నది. హిందీ మాతృభాషగా గల బాలునికి దక్కిన సౌకర్యము తెలుగు మాతృభాషగా గల బాలునికి ఏల దక్కరాదో నాకు ఎంత యోచించినను బోధపడలేదు. తెలుగు మాధ్యమమున పదవ తరగతివరకు చదివి, ఇంటరులో ఇంగ్లీషుతో పెనగులాడు బిడ్డకు వరంగల్లు ద్వారము కొంత మెత్తగా తెరచుకొనుననుట వాస్తవమే, లోపలికి పోయిన పిమ్మట రెండుచోట్లను పాఠములు ఇంగ్లీషుననే సాగినను.

మెయిను ర్యాంకునకును అడ్వాన్స్‌డు ర్యాంకునకును పోలిక పెట్టుట మరియొక పొరపాటు. ఒకటి 10 లక్షలకు పైబడిన జనసమూహములో లభించిన స్థానము. రెండవది అందులోనుండి ఏరిన వారిలో లభించిన స్థానము. కావున ఒకే విద్యార్థికి రెండు పొంతనలేని అంకెలు చేతికి వచ్చును; ఆ రెండంకెలతోను ఆమె ఒకే జాబితా వ్రాయవలసి వచ్చును. ఈ జాబితాయే అసలు ఘట్టము; ఇంటింట జరుగు తర్కమునకు ఫలితము తేలునది ఇచ్చటనే గనుక దీనిని కొంచెము విపులముగా చెప్పవలసియున్నది.

2015కు పూర్వము ఐఐటీల కౌన్సెలింగు వేరు, ఎన్నైటీల కౌన్సెలింగు వేరు. ఒక్కడే రెండుచోట్ల రెండు సీట్లు పట్టుకొని కూర్చుండి, కడపటి క్షణమున ఒకదానిని విడిచినప్పుడు, ఆ విడిచిన సీటు ఎవరికిని దక్కక వట్టిపోవుచుండెను. 2015 నుండి జోసా అను ఉమ్మడి వ్యవస్థ ఏర్పడి, అన్ని ఐఐటీల, ఎన్నైటీల సీట్లను ఒకే పట్టికలో చేర్చి, విద్యార్థి వ్రాసిన కోరికల వరుసను బట్టి కంప్యూటరుచేత విడతలు విడతలుగా కేటాయించుచున్నది. దీనికి మూలమైన గణితము 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అను అమెరికను గణితవేత్తలు ప్రకటించిన ఒక చిన్న వ్యాసములోనిది. ఆ వ్యాసపు శీర్షికలోనే కళాశాల ప్రవేశములును వివాహముల స్థిరత్వమును జంటగా కూర్చుండినవి. మన పెండ్లిళ్ళ పేరయ్యలు జాతకములతో చేయు పనిని వారు తర్కముతో చేసిరి. ఈ సిద్ధాంతమునకును దాని ఆచరణకును గుర్తుగా షాప్లీకిని, ఆల్విన్ రాత్ అను మరియొక పండితునికిని 2012లో అర్థశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది. గేల్ అంతకు నాలుగేండ్లకు పూర్వమే గతించియుండెను.

పద్ధతి యిది. కంప్యూటరు ప్రతి విద్యార్థిని మొదట ఆమె మొదటి కోరికయొద్దకు పంపును. అక్కడ సీట్లకంటె అర్థులు అధికమైనచో పై ర్యాంకులవారిని తాత్కాలికముగా నిలుపుకొని, మిగిలినవారిని వెనుకకు మరల్చును. మరలినవారు తమ రెండవ కోరికయొద్దకు పోవుదురు. అక్కడ అప్పటికే నిలిచియున్నవారిలో తమకంటె దిగువ ర్యాంకువారుండినచో, వారిని లేపి వీరిని కూర్చుండబెట్టును. లేచినవారు తమ తరువాతి కోరికను వెదకికొని పోవుదురు. ఇట్లు ఎవరును కదలనవసరములేని స్థితి వచ్చువరకు సాగి, కడకు ఏర్పడిన అమరికలో, 'నేను ఎక్కువగా కోరిన సీటు నా కోవలోనే నాకంటె దిగువ ర్యాంకువానికి పోయినది' అని ఫిర్యాదు చేయగలవాడు ఒక్కడును మిగులడు.

దీనినుండి తేలు పరిణామము సామాన్యులకు ఆశ్చర్యము గొలుపును. ఘన్‌పూరునుండి ఒక బాలిక కంది కంప్యూటరు సైన్సును మొదటను, వరంగల్లు కంప్యూటరు సైన్సును రెండవదిగాను, కంది సివిలును మూడవదిగాను వ్రాసినదనుకొందము. మొదటిది ఆమె ర్యాంకుకు అందనిదే యైనను, దానిని మొదట వ్రాసినందువలన రెండవదానిపై ఆమెకు గల హక్కు వెంట్రుకవాసియైనను తగ్గదు. 'రాని సీటుకు మొదటి ఆప్షను వృథా చేయకుము' అను హితోపదేశము పూర్తిగా అబద్ధము. దీనికి మారుగా, ఐఐటీ పేరుకొరకు మనసులేని సివిలును రెండవ స్థానమునకు ఎక్కించినచో, అది లభించిన వెంటనే వరంగల్లు కంప్యూటరు సైన్సు చేజారును. కంప్యూటరు ఆమె వ్రాసినది చూచునే గాని మనసులోనిది చూడదు. జాబితాలో ఎత్తుగడలకు తావులేదు; నిజముగా కోరిన వరుసను వ్రాయుటయే మిక్కిలి లాభకరము. సీటు వచ్చిన పిమ్మట ఇకచాలునని నిలుచుటకు ఫ్రీజు, ఏ సంస్థలోనైనను పై కోరికకు ఎదురుచూచుటకు ఫ్లోటు, అదే సంస్థలో పై బ్రాంచికి మాత్రమే ఎదురుచూచుటకు స్లైడు అను మూడు మార్గములు గలవు.

ఖర్చు మాట త్వరగా ముగింతును. ట్యూషను ఫీజు ఐఐటీలో ఏడాదికి 2 లక్షల రూపాయలు, ఎన్నైటీలో 1.25 లక్షలు, రెండును 2016లో పెరిగిన రేట్లే. షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని, వికలాంగులకును ఈ ట్యూషను ఫీజు రెండుచోట్లను లేదు. కుటుంబ వార్షికాదాయము లక్ష లోపైనవారికిని లేదు. 1 నుండి 5 లక్షలవరకు ఉన్నవారికి మూడింట రెండు పాళ్ళు మినహాయింతురు. ఘన్‌పూరువంటి రిజర్వు నియోజకవర్గములోని గురుకుల విద్యార్థులలో పెక్కుమందికి ఫీజుల భేదము ప్రశ్నయే కాదు. మెస్సు, హాస్టలు ఖర్చులే లెక్కలోనికి వచ్చును.

ఇక చదువు స్వభావము. వరంగల్లులో సివిలు, మెకానికలు, ఎలక్ట్రికలు, ఎలక్ట్రానిక్సు, కెమికలు, మెటలర్జీ, కంప్యూటరు సైన్సు, బయోటెక్నాలజీ అను పాదుకొన్న శాఖలు కలవు. ఆరు దశాబ్దములుగా ప్రభుత్వరంగ సంస్థలలోను విదేశములలోను వ్యాపించిన పూర్వవిద్యార్థుల అండ కలదు. కందిలో శాఖలు సరికొత్తవి, సంకరమైనవి: 2019లో కృత్రిమ మేధస్సుకు ప్రత్యేకముగా బీటెక్ ఆరంభించినది ఈ సంస్థయే, డ్రైవరులేని వాహనములను పరీక్షించు ప్రాంగణము 2022లో ఇచ్చట ఆరంభమైనది, సెమిస్టరంతయు సాగు బరువైన పాఠ్యములకు బదులు చిన్న చిన్న తునకలుగా కోర్సులను విభజించి, విద్యార్థి తన కూర్పును తానే చేసికొనుటకు వీలు కల్పించిరి. పీహెచ్‌డీ విద్యార్థుల సంఖ్య గణనీయమగుటచే బీటెక్ బాలునికి రెండవ యేటనే ప్రయోగశాల తలుపు తట్టు ధైర్యము కలుగవచ్చును. నా తీర్పు ఇట్లున్నది: కోరిన శాఖ ఏదో గట్టిగా తెలిసినవారు, ఆ శాఖ వరంగల్లులో దొరికినచో, ఐఐటీ పేరుకొరకు దానిని విడువరాదు, ఏమి కోరుచున్నారో ఇంకను తెలియనివారును, పరిశోధనపై మక్కువగలవారును కందిని ముందు వ్రాయవచ్చును. వార్తాపత్రికలలో అచ్చగు అత్యధిక ప్యాకేజి అంకె ఒక్కరికి వచ్చినది. దానినిబట్టి నిర్ణయించుట అవివేకము.

అదియును గాక, ఈ ఎంపిక జీవితాంతపు ముద్ర కాదు. భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ 1939లో ఎంఐటీలో పట్టము పొంది అక్కడనే పైచదువు సాగింపదలచగా, లోకము వేరుచోట్ల ఎట్లున్నదో చూడుమని ఆచార్యుడు స్లేటర్ ఆయనను బయటకు పంపెను. ప్రిన్స్‌టనులో 1942లో డాక్టరేటు పొందిన ఆయన కడకు కాల్టెక్‌లో బోధించెను. వరంగల్లులో బీటెక్ ముగించి గేట్ పరీక్ష వ్రాసి కందిలో ఎంటెక్ చేయుటకు ఏ అడ్డంకియు లేదు.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపము. స్వరాష్ట్రమనగా పుట్టిన ఊరు కాదు, ఇంటరు ఉత్తీర్ణత పొందిన రాష్ట్రము. విజయవాడలోనో గుంటూరులోనో ఇంటరు చదివిన ఘన్‌పూరు బిడ్డ ఎన్నైటీల లెక్కలో ఆంధ్రప్రదేశ్ విద్యార్థియగును. ఇంటరులో 75 శాతము మార్కులు, షెడ్యూల్డు కులముల, తెగలవారికి 65 శాతము, లేదా బోర్డులో పై 20 పర్సెంటైలు, ఉండితీరవలెను. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రములు ఆ సంవత్సరము ఏప్రిల్ 1 తరువాత, కేంద్ర ప్రభుత్వపు నమూనాలో జారీయైనవి కావలెను. మన రాష్ట్రపు బీసీ జాబితాలోని కులములన్నియు కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. ఏ దిక్కు బండి ఎక్కవలెనో జూన్‌లో తేల్చుకొనవచ్చును. ఆ ధ్రువపత్రములకు మీసేవలో దరఖాస్తు మాత్రము ఏప్రిల్‌లోనే చేయుడు.