లైటు కింద పసిబిడ్డ

పుట్టిన రెండో రోజో మూడో రోజో బిడ్డ ఒళ్లు పచ్చబడితే డాక్టరుగారు "లైటు కింద పెట్టాలి" అంటారు. అప్పుడు అమ్మమ్మలు మమ్మల్ని అడిగేది ఒకటే: "ఆ వేడికి కామెర్లు కరుగుతాయా?" వేడికి కాదమ్మా, వెలుగుకి.

పాత ఎర్రకణాలు విరిగినప్పుడు రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం తయారవుతుంది. దాన్ని మార్చి బయటికి పంపే శక్తి పసిబిడ్డ కాలేయానికి ఇంకా చాలదు. ఈ బిలిరుబిన్ అణువు అత్తిపత్తి ఆకులా ముడుచుకుని ఉంటుంది. నీటితో కలిసే భాగాలు మడత లోపల చిక్కుకుపోవడంతో అది నీటిలో కరగదు. మరీ ఎక్కువైతే మెదడుకు చేరుతుంది. వినికిడి పోవచ్చు, కాళ్లూ చేతులూ జీవితాంతం స్వాధీనంలో లేకుండా పోవచ్చు.

నీలి కాంతి చర్మంలోకి దిగి తగలగానే ఆ అణువులో ఒక భాగం తిరగబడుతుంది, మడత విడిపోతుంది. కొత్తగా ఏదీ కలవదు, ఏదీ పోదు. ఆకారం మాత్రమే మారుతుంది. ఇప్పుడది కాలేయం మార్చకపోయినా పైత్యరసంలో కలిసి వెళ్లిపోగలదు. అయితే ఇలా తిరిగిన అణువు మళ్లీ పాత ఆకారానికి రావచ్చు. కాంతి వల్లనే నెమ్మదిగా తయారయ్యే ల్యూమిరుబిన్ అనే మరో రూపం మాత్రం వెనక్కి రాదు. గంటల తరబడి లైటు కింద ఉంచమనేది అందుకే.

దీన్ని గమనించింది ఒక నర్సు. ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో 1956లో సిస్టర్ జీన్ వార్డ్ పసిపిల్లలను ఎండలోకి తీసుకువెళ్లేవారు. ఒక బిడ్డకు దుప్పటి కప్పిన మేర మాత్రమే పసుపు మిగిలింది! 1958లో డాక్టర్ క్రెమర్, ఆయన సహచరులు ఈ లైటు చికిత్స గురించి లాన్సెట్ పత్రికలో రాశారు.

అందుచేత చలేస్తుందేమోనని దయచేసి దుప్పటి కప్పకండి. కప్పిన చోట వైద్యం లేనట్టే. కళ్లకు గంతలు, మొలకు గుడ్డ చాలు. తల్లిపాలు ఆపవద్దు. విరేచనం పలచగా, ఆకుపచ్చగా అయితే కంగారుపడకండి, పోవలసింది పోతోంది. ఇంట్లో కిటికీ ఎండ దీనికి బదులు కాదు. పసరు పోయడం, వాతలు పెట్టడం బిడ్డకు హాని.

మొదటి 24 గంటల్లోనే పసుపు కనిపించినా, అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా, బిడ్డ పాలు తాగక మత్తుగా ఉన్నా, కీచుగా ఏడ్చినా తెల్లవారేదాకా ఆగకండి. లైటు కింద చర్మం ముందు తేటపడుతుంది, రక్తంలో పసుపు ఇంకా ఉండవచ్చు. లైటు తీశాక మళ్లీ కొంత పెరగవచ్చు కూడా. రక్తపరీక్షకు చెప్పిన రోజున తప్పక తీసుకురండి.