గొంతు బొంగురుపోయి నెల దాటిందా? కరక్కాయ పక్కన పెట్టి ఇది వినండి

మూడు వారాలుగా వీడియో రాలేదు, సారీ. "బ్రో, మళ్లీ జాబ్‌లో చేరిపోయావా?" అని కామెంట్స్‌లో అడిగారు. లేదు. గొంతు పోయింది.

జలుబు చేసింది, వారంలో తగ్గింది. బొంగురు మాత్రం తగ్గలేదు. అమ్మమ్మ కరక్కాయ బుగ్గన పెట్టుకోమంది, పెట్టుకున్నా. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ ఇచ్చారు, అదీ వేశా. నొప్పి లేదు కదా అని లైట్ తీసుకున్నా. అలా రెండు నెలలు గడిచాయి. చివరికి ఈఎన్‌టీ డాక్టర్ ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి, స్క్రీన్ నా వైపు తిప్పారు. రెండు వోకల్ కార్డ్స్ మీదా చిన్న చిన్న బుడిపెలు. నోడ్యూల్స్ అంటారు. పార పట్టిన చేతులు కాయలు కాస్తాయి చూడండి, ఇదీ అంతే. గట్టిగా మాట్లాడీ మాట్లాడీ కాసిన కాయలు.

అసలు మనం మింగేది ఏదీ వోకల్ కార్డ్స్‌ని తాకదు. అవి ఉండేది గాలిగొట్టం పైభాగంలో. తేనె, మిరియాల పాలు, కరక్కాయ రసం అన్నీ పక్కనున్న ఆహార గొట్టంలోకి పోతాయి. గొంతుకి హాయిగా ఉంటుంది, నేను కాదనను. కానీ కాయ కరగదు. యాంటీబయాటిక్ సంగతీ అంతే. అసలు లోపల ఏముందో చూడకుండా మందేయడం, లాగ్స్ తెరవకుండా బగ్ ఫిక్స్ చేయడం లాంటిది. ఉద్యోగంలో ఆ పని చేసి తిట్లు తిన్నా, అయినా బుద్ధి రాలేదు!

నేనొక్కడినే కాదు. అమెరికాలో 2012 జాతీయ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం, ఏడాదిలో పెద్దవాళ్లలో 7.6 శాతం మందికి గొంతు సమస్య వచ్చింది. అంటే దాదాపు 1.79 కోట్ల మంది. వాళ్లలో ట్రీట్‌మెంట్‌కి వెళ్లింది పదిమందిలో ఒక్కరు.

అక్కడి ఈఎన్‌టీ డాక్టర్ల సంఘం 2018 గైడ్‌లైన్ ఏం చెప్తోందంటే, బొంగురు నాలుగు వారాల్లో తగ్గకపోతే స్వరపేటికని చూడాలి. చూడకముందే యాంటీబయాటిక్స్, స్టెరాయిడ్స్ రొటీన్‌గా రాయొద్దు. సిగరెట్ తాగేవాళ్లు, మెడలో గడ్డ ఉన్నవాళ్లు, మింగడానికో ఊపిరికో ఇబ్బంది పడేవాళ్లు, ఆపరేషన్ తర్వాత గొంతు మారినవాళ్లు ఆ నాలుగు వారాలు కూడా ఆగొద్దు. వోకల్ కార్డ్ క్యాన్సర్‌కి చాలాసార్లు మొదటి లక్షణం బొంగురే. తొందరగా దొరికితే బాగా నయమవుతుంది.

ఇంకో టెస్ట్ ఉంది, నాకు భలే నచ్చింది. మాట్లాడేటప్పుడు వోకల్ కార్డ్స్ సెకనుకి మగవాళ్లలో 100 సార్లకి పైగా, ఆడవాళ్లలో 200 సార్ల దాకా కొట్టుకుంటాయి. కంటికి ఎలా కనిపిస్తాయి? ఫోన్ కెమెరాలో ఫ్యాన్ చూస్తే మెల్లగా తిరుగుతున్నట్టు ఉంటుంది కదా, ఆ ట్రిక్కే. గొంతు ఫ్రీక్వెన్సీకి కొంచెం తేడాతో లైట్ మిణుకు మిణుకుమనిపిస్తే స్లో మోషన్‌లో కనిపిస్తుంది. దీన్ని స్ట్రోబోస్కోపీ అంటారు. ఏ చోట కార్డ్ బిగుసుకుపోయిందో అప్పుడు తెలుస్తుంది.

ట్రీట్‌మెంట్ అంటే వెంటనే ఆపరేషన్ కాదు. నోడ్యూల్స్‌కి ముందు వాయిస్ థెరపీనే. స్పీచ్ థెరపిస్ట్ నాతో స్ట్రా నీళ్లలో పెట్టించి "ఊఁ" అనిపిస్తున్నారు. పక్కింటి పిల్లాడు చూసి పడీ పడీ నవ్వాడు. పాలిప్, సిస్ట్ లాంటివైతే సర్జరీ అవసరం కావచ్చు. ఒక కార్డ్ పక్షవాతంతో కదలకపోతే ఇంజెక్షన్‌తో దాన్ని మధ్యకి జరుపుతారు. గొంతు కండరాలు వాటంతటవే పట్టేసే జబ్బుకి బొటాక్స్ వాడతారు.

గొంతు పోయిందని గుసగుసగా మాట్లాడతాం కదా? అది రెస్ట్ అనుకోకండి. 100 మంది పేషెంట్ల మీద చేసిన ఒక స్టడీలో, గుసగుసలాడేటప్పుడు 69 శాతం మందిలో స్వరపేటిక కండరాలు ఇంకా ఎక్కువ బిగుసుకున్నాయి. మెల్లగా, మామూలు గొంతుతో మాట్లాడటమే మేలు.

ఇక మా అమ్మ. ఆవిడ టీచర్. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ గొంతు బొంగురే. "టీచర్ గొంతు అంతే" అని మేమెవ్వరం పట్టించుకోలేదు. 2004లో వచ్చిన ఒక అమెరికా స్టడీ చదివాక భయమేసింది. అయోవా, యూటా రాష్ట్రాల్లో రెండున్నర వేల మందిని అడిగితే, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గొంతు సమస్య వచ్చిందన్నవాళ్లు టీచర్లలో 57.7 శాతం, మిగతావాళ్లలో 28.8 శాతం. అంటే దాదాపు రెట్టింపు. మరో స్టడీలో గొంతు సమస్య ఉన్న 44 మంది టీచర్లని మూడు గ్రూపులు చేశారు. ఒక గ్రూపుకి ఒంటికి తగిలించుకునే మైక్, ఇంకో గ్రూపుకి గొంతు జాగ్రత్తలు, మూడో గ్రూపుకి ఏమీ లేదు. ఆరు వారాల్లో చెప్పుకోదగ్గ మెరుగుదల మైక్ గ్రూపులోనే కనిపించింది.

వెంటనే నడుముకి కట్టుకునే మైక్ ఒకటి కొన్నా. "పిల్లలు నవ్వుతార్రా" అంది అమ్మ. మొదటి రోజు నవ్వారట, రెండో రోజు మైక్‌లో పద్యం చెప్తామని కొట్లాడుకున్నారట. కానీ మైక్ కట్టుకున్నంత మాత్రాన లోపల ఏముందో తెలియదు కదా. శనివారం అమ్మకి కెమెరా టెస్ట్ ఉంది. పక్కన నేనే కూర్చుంటా.