కందికాయలోని పురుగు

వికారాబాదునుండి తాండూరు పోవు త్రోవలో, కంది పూచిన దినములలో చేలన్నియు పసుపు చల్లినట్లుండును. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినందుకు మేమెంతయో గర్వించితిమి. శనగపచ్చ పురుగునకు ఆ గౌరవముతో పనిలేదు; కాయను తొలిచి, తల లోనికి దూర్చి గింజలను తినివేయును.

మందు చల్లినను ఇది చావదేమని రైతుల యిండ్ల స్త్రీలు మమ్మడుగుచుందురు. మందులో కల్తీ యని కొందరందురు. అదియు కొన్నియెడల నిజమే కావచ్చును. కాని ముఖ్యకారణము పురుగు కడుపులోనే యున్నది.

సోదరీమణులారా! ప్రతి ప్రాణియందును జన్యువుల గ్రంథమొకటి కలదు. దానిని వంటల పుస్తకమనుకొందము. పుస్తకమున నూరు వంటలున్నను నేడు పొయ్యి నెక్కినవి రెండే కదా! పుస్తకమంతయు చదువుట జీనోమిక్సు. వండిన వంటకములను, అనగా దేహమున పుట్టిన మాంసకృత్తులను, పరీక్షించుట ప్రోటియోమిక్సు.

కంది తన గింజలో పురుగు అరుగుదలను చెరచు మాంసకృత్తులను ఉంచుకొనును. పురుగో, వానికి లొంగని వేరొక జీర్ణరసమును పుట్టించుకొనును. పుస్తకమదే, వంట మారినది. కావుననే శనగ, ప్రత్తి, టమాటా, ఏది దొరికినను దానికి విందే. 2017లో ప్రకటింపబడిన దీని జన్యుగ్రంథమున 17 వేలకు మించిన జన్యువులు కలవు. అందు విషమును విరుచు జన్యువుల కుటుంబములు మిక్కిలి పెరిగియున్నవి. ఒకే మందు మాటిమాటికి కొట్టినచో, తట్టుకొన్నవే మిగిలి, వాని సంతానమే చేనంతయు నిండును.

పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ నాయకత్వమున 2011లో కంది జన్యుగ్రంథమును గూడ చదివిరి. ఈ పురుగును తట్టుకొను అడవికంది జాతులు కొన్ని కలవు. ఆ గుణమును మన కందికి తెచ్చు యత్నములు సాగుచున్నవి. అంతదనుక, మొక్కలను మెల్లగా వంచి దులిపి, దుప్పటిపై రాలిన పురుగులను ఏరివేయు పాతపద్ధతిని మానరాదని మా మనవి.