గృహ కంప్యూటరులో లినక్సు: మార్పు, మెలకువలు

మన పెద్దలు దస్తావేజులను ఇనుప పెట్టెలో దాచేవారు. చెదలు, చెమ్మ, నిప్పు అనే మూడు శత్రువుల నుండి కాపాడుకొంటే చాలునని వారి భావన. నేడు ఆ పెట్టె స్థానాన్ని గృహ కంప్యూటరు ఆక్రమించింది. ఇంటి పన్ను రసీదులు, అక్క వివాహ ఛాయాచిత్రాలు, తమ్ముని డిగ్రీ ప్రాజెక్టు, గల్ఫులో ఉన్న అన్నయ్య పాస్‌పోర్టు నకలు, అన్నీ అందులోనే ఉంటున్నవి. ఈ పెట్టెకు చెదలు పట్టవు. కాని ఒక్క మీట నొక్కినంతలో సర్వమూ తుడిచిపెట్టుకొనిపోవచ్చును. విండోస్ నుండి లినక్సుకు మారే వేళ ఈ ప్రమాదం హెచ్చు. అది ఏల కలుగునో, ఎట్లు నివారించుకొనవలెనో వివరించుటయే ఈ వ్యాసోద్దేశం.

లినక్సు అనగా నేమి?

కంప్యూటరు యంత్రభాగాలకూ, మనం వాడే కార్యక్రమాలకూ నడుమ నిలిచి పని జరిపించే వ్యవస్థను ఆపరేటింగ్ సిస్టం అంటారు. అందరికీ స్వేచ్ఛగా లభించే అట్టి వ్యవస్థను నిర్మించవలెనని 1983లో అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్ ‘గ్నూ’ అనే పేరుతో పూనుకొన్నాడు. 1991లో ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్, ఇరవై ఒక్క ఏండ్ల ప్రాయంలో, దానికి హృదయం వంటి కెర్నెల్‌ను రచించి లోకానికి అందించాడు. ఈ రెండు కృషుల సంగమమే నేటి లినక్సు. దీనిని ఎవరైనా వాడవచ్చు, పరిశీలించవచ్చు, మార్చవచ్చు, ఇతరులకు పంచవచ్చు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు దీనినే బోధనకు స్వీకరించినవి. మన హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ అనే సంస్థ దీనిని తెలుగులోకి తెచ్చుటకు కృషి చేసింది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ భద్రతా సవరణల గడువు ముగిసింది. విండోస్ 11కు కొత్త తరపు ప్రాసెసరు, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం కావలెను. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో పొదుపు సొమ్ముతో కొన్న పాత యంత్రానికి ఈ అర్హతలు లేకపోవచ్చును. అట్టి యంత్రానికి లినక్సు కొత్త ఆయువు పోయగలదు. కనుక మార్పు వాంఛనీయమే. మార్చే పద్ధతిలోనే మెలకువ కావలెను.

ఫైళ్ళు పోవుటకు కారణాలు

మొదటి కారణం ఒక అపోహ. సి, డి అని రెండు పేర్లు తెరపై కనిపించినంత మాత్రాన రెండు డిస్కులు ఉన్నట్లు కాదు. ఒకే ఇంటికి నడుమ గోడ కట్టి రెండు గదులు చేసినట్లు, ఒకే డిస్కును విభజించి ఉండవచ్చును. ‘నా ఫైళ్ళు డిలో భద్రంగా ఉన్నవి గదా’ అనే ధీమాతో, డిస్కును పూర్తిగా తుడిచి స్థాపించుమనే ఎంపికను నొక్కినవారికి గదులే కాదు, గోడ కూడా మిగలదు.

రెండవది, గుర్తింపులో పొరపాటు. లినక్సులో సి, డి అనే పేర్లు ఉండవు. డిస్కులు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ వంటి పేర్లతో కనిపిస్తవి. నకళ్ళు ఉంచిన బాహ్య డిస్కును కూడా తగిలించి ఉంచితే, దానినే తుడిచివేసే అవకాశమున్నది.

మూడవది, విభాగాల కొలతలు మార్చుచుండగా కరెంటు పోవుట. నాలుగవది, బిట్‌లాకర్ అనే తాళం. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఇది యజమాని ఎరుగకుండానే వేసి ఉంటుంది. 48 అంకెల పునరుద్ధరణ సంకేతం చేతిలో లేనిచో, ఫైళ్ళు ఉండియు లేనట్లే.

పోయినవి తిరిగి వచ్చునా?

గ్రంథాలయంలో పుస్తకాల పట్టిక కాలిపోయినదనుకొందాం. పుస్తకాలు అరలలోనే ఉన్నవి. ఎక్కడ ఏది ఉన్నదో చెప్పునది మాత్రం లేదు. విభాగాల పట్టిక చెడినప్పటి స్థితి ఇదియే. అయితే స్థాపన కొనసాగిన కొలదీ పాత పుస్తకాలను తీసివేసి ఆ అరలలో కొత్తవి పేర్చబడుతవి. అందుచేత నష్టం తెలిసిన తక్షణమే యంత్రాన్ని ఆపివేయుట ప్రథమ కర్తవ్యం. పిమ్మట వేరొక యంత్రం సాయంతో టెస్ట్‌డిస్క్ అనే ఉచిత సాధనం పట్టికను, ఫోటోరెక్ అనేది ఫైళ్ళను వెలికితీయుటకు ప్రయత్నిస్తవి. ఫోటోరెక్ తెచ్చిన వాటికి సాధారణంగా పాత పేర్లు ఉండవు; వేల చిత్రాలను ఒక్కొక్కటిగా పోల్చుకొనవలసి వచ్చును. ఎస్ఎస్‌డీ డిస్కులలో ఖాళీ అని గుర్తించిన భాగాలు త్వరగా శుభ్రమగుటచే ఆశ మరింత స్వల్పం.

ఉర్దూ, తెలుగు వ్రాతల విషయం

మన వంటి కళాశాలకు మరొక సమస్య ఉన్నది. ఉర్దూ వ్యాసాలను ఇన్‌పేజ్‌లోను, తెలుగు వ్యాసాలను అను ఫాంట్లలోను కూర్చుకొనుట అనేకులకు అలవాటు. ఇన్‌పేజ్ విండోస్ కొరకు నిర్మించినది. అను ఫాంటు లేనిచోట తెలుగు వాక్యం అర్థంలేని రోమను లిపి చిహ్నాలుగా కనిపించును. ఫైలు చెక్కుచెదరకున్నను అందలి అక్షరం అందకుండా పోవుట కూడా నష్టమే. కావున మారుటకు ముందే వాటిని యూనికోడులోకి మార్చి, ఒక పీడీఎఫ్ ప్రతిని కూడా ఉంచుకొనవలెను. యూనికోడులో ఉర్దూ, తెలుగు వ్రాతలు రెండును లినక్సులో చక్కగా కనిపిస్తవి.

పాటించవలసిన క్రమం

ముందుగా ముఖ్యమైన ఫైళ్ళకు రెండు నకళ్ళు తీసి, వేర్వేరు చోట్ల ఉంచవలెను. నకలు తీసినంతనే సరిపోదు. వేరొక కంప్యూటరులో నాలుగైదు ఫైళ్ళు తెరిచి చూడవలెను. బిట్‌లాకర్ సంకేతాన్ని కాగితంపై వ్రాసుకొనవలెను. పిదప పెన్‌డ్రైవ్ నుండి లినక్సును నడిపి, వైఫై, ధ్వని, ముద్రణ యంత్రం పనిచేయునో లేదో పరీక్షించవలెను. స్థాపన ఎంపికను నొక్కనంతవరకు దీనివల్ల డిస్కులోని ఫైళ్ళకు మార్పు రాదు. స్థాపనకు ముందు బాహ్య డిస్కులను ఊడదీయవలెను. ల్యాప్‌టాప్‌నకు ఛార్జరు తగిలించవలెను. చివరి అంగీకారం తెలుపక మునుపు తెరపై ఉన్న డిస్కు పేరు, పరిమాణం రెండుసార్లు చదువవలెను.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న ప్రయోజనం లేదని సామెత. లినక్సు స్థాపనకు సుమారు అరగంట చాలును. నకళ్ళు తీయుటకు ఒక పూట పట్టవచ్చును. ఆ పూటను వెచ్చించగల విద్యార్థి ఇంట పాత యంత్రమూ నిలుచును, కుటుంబ జ్ఞాపకాలూ నిలుచును. వ్యయానికి వెరచు మన కళాశాలలు సైతం తమ ప్రయోగశాలలలో ఈ మార్గాన్ని నిర్భయంగా అవలంబించవచ్చును.