కారును దీర్ఘకాలం నిలిపి ఉంచడం

కారును దీర్ఘకాలం నిలిపి ఉంచడం అనగా కొన్ని నెలలపాటు నడపని కారు పాడవకుండా ముందుగా చేసే ఏర్పాటు. రాజమహేంద్రవరం వంటి పట్టణాలలో, విదేశాలలోని పిల్లల వద్దకు వెళ్ళే తల్లిదండ్రులకు దీని అవసరం కలుగుతుంది. కదలని కారు అరగదు గాని తేమ, తుప్పు, ఎలుకల వలన చెడుతుంది.

స్థలం

గోదావరికి సాధారణంగా జూలై, సెప్టెంబరు నెలల మధ్య వరదలు వస్తాయి. ధవళేశ్వరం ఆనకట్ట వద్ద ప్రవాహం 17 లక్షల క్యూసెక్కులకు చేరినప్పుడు మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 2022 జూలైలో ఈ హెచ్చరిక జారీ అయినది. కావున కారును పల్లపు వీధులలో, సెల్లార్లలో కాక మెరకపై ఉంచవలెను.

ఏర్పాట్లు

* ఇంధనం: ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలి తగ్గి, తేమ తక్కువగా చేరుతుంది.
* బ్యాటరీ: పూర్తిగా ఛార్జి చేసి ఋణ ధ్రువపు తీగను విప్పవలెను. లేనిచో గడియారం, అలారం వంటివి దానిని క్రమంగా ఖాళీ చేస్తాయి.
* చక్రాలు: టైర్లలో సరిపడా గాలి నింపవలెను. హ్యాండ్ బ్రేకు వేసి ఉంచితే బ్రేకులు పట్టివేయవచ్చు. అందుచేత కారును గేరులో ఉంచి, చక్రాలకు చెక్కముక్కలు అడ్డు పెట్టవలెను.
* కవరు: గాలి ఆడే గుడ్డ కవరు మేలు. ప్లాస్టిక్ పట్టా కింద తేమ నిలుస్తుంది.

అపోహ

వారానికొకసారి ఐదు నిమిషాలు ఇంజను నడిపిస్తే చాలునని పలువురు భావిస్తారు. అంతలో బ్యాటరీ తగినంత ఛార్జి కాదు. పైగా ఇంజను పూర్తిగా వేడెక్కక సైలెన్సరులో నీరు నిలిచి తుప్పు పడుతుంది.

తిరిగి నడిపే ముందు ఎలుకలు తీగలు కొరికినవేమో చూసి, బ్రేకులను పరీక్షించవలెను.